పాపకూర మీదుగా తొమ్మిదో వలయానికి

2006 ఏప్రిల్ 14, శుక్రవారం, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు మా ఆవిడ కామేశ్వరి నా కాఫీ గ్లాసు పక్కన ఒక పుస్తకం పెట్టి, "ఇందులో పదకొండో పేజీ ఉన్నంత కాలం నాకు చెల్లెలు లేనట్టే," అంది. మేం విమానం ఎక్కింది జూలైలోనే అయినా, న్యూజిలాండ్ ప్రయాణం మొదలైన తేదీగా నా డైరీలో ఉన్నది ఇదే.

ఆ పుస్తకం నాదే. ఏడు వందల ఏళ్ల కిందట ఇటలీలో ఒక కవి తాను నరకంలోకి దిగి, అక్కడి పాపులందరినీ చూసి బయటపడ్డట్టుగా ఒక మహాకావ్యం రాశాడు. అందులోని నరకభాగాన్ని నేను తెలుగు వచనంలోకి తెచ్చాను. నాకు ఇటలీ భాష రాదు. మూడు ఇంగ్లీషు అనువాదాలు ముందు పెట్టుకుని, అవి ఏకీభవించిన చోట ధైర్యంగానూ, విభేదించిన చోట మెల్లగానూ నడిచాను. తెనాలిలో డిగ్రీ విద్యార్థులకు ఇరవై ఏడేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నవాడికి ఆ మాత్రం నడక వచ్చు.

కావ్యం చదవనివారి కోసం నాలుగు మాటలు. ఆ నరకం గరాటులా ఉంటుంది. తొమ్మిది వలయాలు, కిందికి దిగిన కొద్దీ పాపం పెద్దది. అన్నిటికంటే చిత్రమైనది, శిక్ష పాపాన్నే పోలి ఉండటం. జరగబోయేది చెబుతామన్నవాళ్ల తలలు వెనక్కి తిరిగి ఉంటాయి. ముఖస్తుతి చేసి బతికినవాళ్లు మురుగులో మునిగి ఉంటారు. ఈ న్యాయానికి ఆ కవి వాడిన మాటకు తెలుగు మాట దొరక్క నేను మూడు నెలల పది రోజులు వెతికాను. "ప్రతీపకర్మఫలన్యాయము" దాకా వెళ్లాను. 2002 ఆగస్టు 11, ఆదివారం, మా ఇంట్లో మధ్యాహ్న భోజనాల దగ్గర నా తోడల్లుడు శేషగిరి, అంటే మా ఆవిడ చెల్లెలు భాను భర్త, వంకాయ కూర కలుపుకుంటూ, "తగిన శాస్తి అంటే చాలదా అన్నయ్యగారూ?" అన్నాడు.

చాలింది. పుస్తకమంతా ఆ మాట మీదే నిలబడింది.

పీఠిక రాసేటప్పుడు మాత్రం, మూడు నెలల పది రోజులు నాకు దొరకని మాట ఒక సివిల్ ఇంజనీరుకు, అందులోనూ తోడల్లుడికి, ముద్ద కలిపే లోపల దొరికిందని రాయడానికి నా కలం ఒప్పుకోలేదు. తెనాలి బజారులో ఒక పెద్దమనిషి తాను పారేసిన అరటితొక్క మీద తానే జారిపడ్డాడనీ, అది చూసిన కూరగాయల బండివాడు "తగిన శాస్తి" అన్నాడనీ, నాకు ఆ క్షణంలో తోచిందనీ పదకొండో పేజీలో రాశాను. పదకొండు వాక్యాలు. ఆ బండి లేదు, ఆ తొక్కా లేదు. సమీక్షకులు మిగతా మూడు వందల పేజీలను వదిలేసి ఆ పదకొండు వాక్యాలనే మెచ్చుకున్నారు. నాకు జనం భాష తెలిసిన చెవి ఉందన్నారు.

2002 చివర్లో ఉద్యోగం మీద న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ వెళ్లిపోయిన శేషగిరికి మరుసటి మార్చిలో పుస్తకం పోస్టు చేశాను. ఏప్రిల్‌లో భాను వాళ్ల అక్కకు ఫోన్ చేసి, "మీ ఆయన మా ఆయన్ని కూరగాయల బండివాణ్ణి చేశాడు," అని పెట్టేసింది. మూడేళ్లు మళ్లీ చెయ్యలేదు.

ఇప్పుడు ప్రచురణకర్త రెండో ముద్రణకు ఆగస్టు ఒకటిలోగా దిద్దుబాట్లు పంపమని రాశాడు. కామేశ్వరి షరతు ఒక్కటే. పీఠిక మార్చడం ఎలాగూ మారుస్తారు. ముందు క్రైస్ట్‌చర్చ్ వెళ్లి, శేషగిరి ఎదురుగా కూర్చుని, నోటితో చెప్పాలి. భానుకు మెయిలు పంపించాం. జవాబు రెండు వాక్యాలు: "రండి. స్వెట్టర్లు తెచ్చుకోండి."

కావ్యంలో కవి నరకయాత్రకు బయల్దేరింది కూడా గుడ్ ఫ్రైడే నాడే. మా ఇంట్లో కాఫీ గ్లాసు పక్కన పుస్తకం పడ్డది కూడా గుడ్ ఫ్రైడే నాడే. ఇది నేను కల్పించింది కాదు. అనుమానం ఉన్నవారు క్యాలెండరు చూసుకోవచ్చు.

ద్వారం

జూలై 8, శనివారం, మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై అయిదుకు ఆక్లండ్‌లో దిగాం. ఆ దేశంలో అడుగు పెట్టే ముందు ప్రతివాడూ ఒక కాగితం మీద తన దోషాలు రాసి సంతకం చెయ్యాలి. తినే వస్తువులు తెచ్చారా, విత్తనాలు తెచ్చారా, బూట్లకు మట్టి ఉందా. చెప్పితే శిక్ష లేదు. దాస్తే అక్కడికక్కడే రెండు వందల డాలర్లు. కావ్యంలో రెండో వలయం గుమ్మం దగ్గర ఇలాంటి న్యాయాధికారే ఒకడు ఉంటాడు. పాపి తన పాపాలన్నీ చెప్పగానే, తన తోకను ఒంటికి ఎన్ని చుట్లు చుడితే అన్నో వలయానికి పంపుతాడు. ఇక్కడి అధికారిణికి తోక లేదు. విశాలమైన ముఖం, దానికి తగ్గ ఓపిక ఉన్నాయి.

ఇంగ్లీషులో నడిచిన సంభాషణలను ఈ కథనంలో తెలుగులోనే ఇస్తున్నాను. ఈసారి కల్పన లేదు.

"తినేవి ఏమైనా ఉన్నాయా?" అంది ఆమె.

కామేశ్వరి వేళ్లు మడవడం మొదలుపెట్టింది. ఆవకాయ, కందిపొడి, చింతపండు, కరివేపాకు, బెల్లం అచ్చు, సున్నుండలు. అధికారిణి తల ఊపుతూనే ఉంది.

"అంతేనా?"

"విమానంలో ఇచ్చిన వెన్న పొట్లం ఒకటి దాచాను. అది కూడా రాసుకో అమ్మా."

నూట యాభై గ్రాముల కరివేపాకు అక్కడే ఉండిపోయింది. నా బూట్లు లోపలికి తీసుకెళ్లి, కడిగి, కొన్ననాటి కంటే శుభ్రంగా తెచ్చి ఇచ్చారు. నా సామాను పెట్టిన పళ్లెంలో అంత సేపూ ఒక కాగితాల మడత ఉంది. శేషగిరి ముందు చదవడానికి నేను రాసుకున్న క్షమాపణ పత్రం. అధికారిణి దాన్ని తిప్పి చూసి, విత్తనాలేవీ లేవని ఇచ్చేసింది.

"చూశారా," అంది కామేశ్వరి బయటికి వస్తూ. "చెప్పేస్తే పోయేది. అదే మూడేళ్ల కిందట చెప్పేసి ఉంటే?"

పాపకూర

మేం దిగింది నా పాత విద్యార్థి రవి ఇంట్లో. కంప్యూటర్ల ఉద్యోగం, ఇద్దరు సంపాదించే ఇల్లు. ఊరి పేరు పాపకూర. రవి కారులోంచి ఒక బస్సు మీద ఆ పేరు చదివిన కామేశ్వరి దాన్ని రెండుగా విరిచి మళ్లీ చదివింది. తర్వాత తీరుబడిగా అంది.

"పాపానికి కూర కూడా ఉంటుందన్నమాట. చేసింది కూరగాయల పాపం, దిగింది పాపకూర. మీ కోసమే కట్టినట్టున్నారండీ ఊరు."

"మొదట్లో మేమూ నవ్వుకునేవాళ్లం మేడం," అన్నాడు రవి స్టీరింగు తిప్పుతూ. "ఇప్పుడు అది జస్ట్ అడ్రస్. ఇక్కడ సెటిలయ్యాక నవ్వడానికి టైమ్ ఎక్కడిది?"

మర్నాడు అక్కడి గ్రంథాలయంలో బల్ల వెనక ఉన్న మావోరీ ఆవిడను ఆ పేరుకు అర్థం అడిగాను. నా ఉచ్చారణను రెండుసార్లు దిద్ది, ఎర్ర నేల అని చెప్పింది. మీ భాషలో ఏమవుతుందని అడిగింది. చెప్పాను. గ్రంథాలయంలో నవ్వకూడదు గనక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, ఒక చీటీ మీద తెలుగులో రాసి ఇమ్మంది. ఇంట్లో వంట తన మొగుడే చేస్తాడట. పొయ్యి పైన అంటిస్తానంది.

ఈ దేశంలో వీధి చివరి చిల్లర కొట్టును డెయిరీ అంటారు. అందులో పాలు ఒక మూల ఉంటాయి. పత్రికలు, చాక్లెట్లు, ఫోను కార్డులు, బల్బులు మూడు మూలల ఉంటాయి. అన్నీ అమ్మే కొట్టును మనం కిళ్లీ కొట్టు అన్నట్టే గనక నేను తప్పు పట్టలేదు. ఒక దాంట్లో ఉల్లిపాయలు కొనబోతుంటే కామేశ్వరి, "బండివాళ్లతో మీకు మాటలు బాగా వచ్చుగా, బేరమాడండి," అంది. కొట్టాయనకు తెలుగు రాకపోవడం నా అదృష్టం.

రవి కూతురికి పన్నెండేళ్లు. దాని గదిలో గ్లోబు ఉంది. ఇటలీ కవి లెక్కలో భూగోళం దక్షిణార్ధమంతా సముద్రమే. జెరూసలేముకు సరిగ్గా వెనక వైపున, ఆ నీటి నడుమ, పాపాలు కడుక్కునే కొండ ఒకటి మాత్రం ఉంటుంది. నేను దారం తెచ్చి గ్లోబు మీద కొలిచాను. న్యూజిలాండ్‌కు తూర్పున నలభై డిగ్రీల రేఖాంశం అవతల, పచ్చి సముద్రంలో తేలింది.

"సో తాతగారూ, వీ ఆర్ నాట్ ఇన్ హెల్?" అంది ఆ పిల్ల.

"కాదమ్మా. కడుక్కునే చోటికి పొరుగూరు."

రోటొరువా

జూలై 10, సోమవారం. ఊరు కనిపించడానికి ముందే గంధకం వాసన, కుళ్లిన గుడ్ల వాసన, వచ్చింది. కోడిగుడ్డు ముట్టని కామేశ్వరి కొంగు ముక్కుకు చుట్టుకుని, ఈ ఊళ్లో ఉన్న రెండు రోజులూ విప్పలేదు.

ఇక్కడ నేల ఉడుకుతుంది. అక్షరాలా. కంచె కట్టిన గుంటల్లో బూడిదరంగు బురద, అట్లపిండి పొంగినట్టు పొంగి, పేలి, అణుగుతుంది. కావ్యంలో లంచగొండులు ఇలాగే మరిగే తారులో ఉంటారు. తల పైకెత్తితే కాపలా దయ్యాలు కొక్కేలతో గుచ్చి మళ్లీ లోపలికి తోస్తాయి. ఇది చెప్పగానే కామేశ్వరి కంచె పట్టుకుని, మా కాలనీలో ఇల్లు కట్టినప్పుడు ప్లాను, కరెంటు, నీటి కనెక్షను ఇచ్చినవాళ్లను పేరుపేరునా ఆ గుంటలో దింపింది. ఆరుగురు పట్టారు.

"మరి మీరు ఏ గుంట?"

"దొంగలకు పాములుంటాయి," అన్నాను. "కానీ నేను మాట దొంగిలించలేదు. నాదని రాసుకోలేదు కదా. వేరేవాడికి ఇచ్చాను. దానధర్మాల కిందికి వస్తుందేమో ఆలోచిస్తున్నాను."

"సొంతవాళ్లను మోసం చేసినవాళ్లు ఎక్కడుంటారు?"

"తొమ్మిదో వలయం," అన్నాను, చెప్పక తప్పక. "అక్కడ నిప్పు ఉండదు. మెడ దాకా మంచుగడ్డలో ఉంటారు."

"అందుకే స్వెట్టర్లు తెచ్చుకోమంది," అంది కామేశ్వరి.

ఒక పెద్దాయన మరిగే నీటి గుంటలోకి గుడ్డసంచీ దించి మొక్కజొన్న పొత్తులు ఉడికించి అమ్ముతున్నాడు. పొత్తు మూడు డాలర్లు. వాళ్ల నాయనమ్మ కాలం నుంచి వంట ఈ గుంటలో, స్నానం ఆ గుంటలో అని చూపించాడు. నేను ఇటలీ నరకం గురించి చెప్పాను. మరిగే గుంటలు, ఎప్పటికీ విడుదల లేని శిక్షలు. ఆయన పొత్తు మీద వెన్న రాస్తూ విన్నాడు.

"ఇంత మంచి వేడి నీళ్లు పెట్టుకుని, అందులో మనుషుల్నా వేస్తారు?" అన్నాడు.

కామేశ్వరికి నచ్చిన మనిషి ఈ ప్రయాణంలో ఆయనే. మన పురాణాల్లోనూ మరిగే నూనె ఉంది గాని, మన నరకంలో శిక్షకు గడువు ఉంది, తీరగానే పంపించేస్తారు. వాళ్లది గడువు లేనిది. ఈ తేడా గురించి నేను పీఠికలో నాలుగు పేజీలు రాశాను. "గడువు లేకపోతే ఇంక బాగుపడి ఏం లాభం?" అని కామేశ్వరి పొత్తు తింటూ ముగించింది.

ఆ సాయంత్రం, రాబోయే చలికి భయపడి, చవకలో రెండు జతల ఊలు లోదుస్తులు కొన్నాను.

జలసంధి

వెల్లింగ్టన్‌లో బస్సు దిగిన నాలుగో నిమిషంలో గాలి నా గొడుగును తీసుకుంది. తిరగేసి విరిచి ఇస్తుందనుకున్నాను, ఇవ్వలేదు.

జూలై 13, గురువారం ఉదయం ఓడ ఎక్కాం. రెండు దీవుల మధ్య మూడు గంటల దారి. కావ్యంలో పాపులను నది దాటించే పడవవాడు, ఆలస్యం చేసినవాళ్లను తెడ్డుతో కొడతాడు. ఇక్కడ టీ, బిస్కెట్లు అమ్మారు. అలలు మొదలయ్యాక కొన్నవాళ్లందరూ వాటిని తిరిగి అప్పగించారు. కామేశ్వరి ఒక సోఫాలో కళ్లు మూసుకుని పడుకుంది.

నా ఎదుటి కుర్చీలో డెబ్భై దాటిన ఒకావిడ ఊలు అల్లుకుంటోంది. ఆ ఊపులో ఒక్క ముడీ తప్పడం లేదు. పేరు రోసా. తండ్రి ఇటలీ నుంచి వచ్చి వెల్లింగ్టన్‌లో చేపలు పట్టాడట. వలలు బాగుచేసుకుంటూ చలికాలమంతా ఆ కావ్యం వల్లించేవాడట. చదువుకోలేదు, వినికిడి మీద వచ్చినదే. నా పుస్తకం చూపించాను. ఒక పేరా చదివి వినిపించమంది. చదివాను. తెలుగులో మాటలు అచ్చులతో ముగుస్తాయి గనక ఇటలీ భాషలా ఉందంటుందనుకున్నాను. ఆ మాట ఎవరైనా అంటారని ఇరవై ఏళ్లుగా ఎదురుచూస్తున్నాను.

"మా నాన్న చేపల బేరం దగ్గర గొడవపడ్డట్టే ఉంది," అంది రోసా. "బాగుంది."

నాకు ధైర్యం వచ్చింది. నా కేసు మొత్తం చెప్పాను. వంకాయ కూర, తోడల్లుడు, బండివాడు, అరటితొక్క. కావ్యం తెలిసిన మనిషి, ఇటలీ రక్తం. ఇంతకంటే అర్హత ఉన్న న్యాయమూర్తి నాకు దొరకడు. చెబుతూ చెబుతూ వీపు గోక్కున్నాను. ఉదయం నుంచీ ఆ ఊలు లోదుస్తులు నన్ను బతకనివ్వడం లేదు.

"పాములు కాదు," అంది ఆవిడ, అల్లిక ఆపకుండా. "నువ్వు దొంగవు కాదు. లేనివాణ్ణి పుట్టించి, ఉన్నవాడి స్థానంలో కూర్చోబెట్టావు. అది నకిలీ సరుకు. ఎనిమిదో వలయం, అట్టడుగు గుంట. అక్కడ శిక్ష ఏమిటో నీకు తెలుసు కదా, అనువదించావుగా."

తెలుసు. నకిలీ సరుకు చేసినవాళ్లకు ఒళ్లంతా గజ్జి. గోళ్లతో చేప పొలుసు గీకినట్టు ఎప్పటికీ గోక్కుంటూ ఉంటారు. నేను వీపు మీది నుంచి చెయ్యి తీశాను.

"పరవాలేదు, గోక్కో," అంది రోసా. "మొదలైనట్టుంది."

క్రైస్ట్‌చర్చ్

ఓడ దిగి బస్సులో వచ్చిన మా కోసం ఆ సాయంత్రం బస్టాండుకు శేషగిరి ఒక్కడే వచ్చాడు. సన్నబడ్డాడు. పెట్టె అందుకుంటూ, "జర్నీ బాగా జరిగిందాండీ అన్నయ్యగారూ," అన్నాడు, నిన్న విడిపోయినట్టు. ఇంటి గుమ్మంలో భాను, "రా అక్కా," అంది. నన్ను చూసి తల ఊపింది.

ఈ దేశపు ఇళ్ల గురించి తెలుగు పాఠకులకు ఒక హెచ్చరిక. బయట నుంచి బొమ్మరిల్లులా ఉంటాయి. లోపల బయట కంటే చలి. గోడలు చెక్క, కిటికీకి ఒక్కటే అద్దం, హాల్లో చిన్న హీటరు. దాని ముందు ఎవరు కూర్చుంటారన్నది ఇంట్లో పెద్దరికాన్ని బట్టి. మా పడకగదిలో గోడ మీది థర్మామీటరు తొమ్మిది డిగ్రీలు చూపింది. శుక్రవారం ఉదయం కిటికీ అద్దానికి మంచు పేరుకుని ఉంది, లోపలి వైపు. గోటితో గీకి చూశాను, గడ్డే. ఆ కవి అట్టడుగు నరకాన్ని నిప్పుతో కాక మంచుతో ఎందుకు కట్టాడో, తెనాలి మే నెలలో కూర్చుని ఆ ఘట్టం అనువదిస్తున్నప్పుడు నాకు బోధపడలేదు. అక్కడ అది వరంలా అనిపించింది.

"కౌన్సిల్ వాళ్లు ఏదో స్కీము పెడతారంటున్నారండీ, ఇల్లు వెచ్చబెట్టే హీట్ పంపులకి," అన్నాడు శేషగిరి. "అప్పటిదాకా అలవాటే. టోపీ పెట్టుకుని పడుకోండి."

శుక్రవారమంతా భాను నాకు వడ్డించింది, అడిగినదానికి అవును కాదు అంది. అక్కతో బియ్యం గురించి, దుప్పట్ల గురించి మాట్లాడింది. కామేశ్వరి మూడుసార్లు వేరే మాట ఎత్తబోయింది. మూడుసార్లూ కుక్కరు చూడాలని లేచి వెళ్లింది భాను.

జూలై 15, శనివారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు ఓవర్‌కోటుతోనే ఉప్మా ముందు కూర్చుని క్షమాపణ పత్రం తీశాను. నాలుగు పేజీలు, మూడు భాగాలు: జరిగినది, జరగకూడనిది, జరగవలసినది. మొదటి పేజీ సగానికి వచ్చేసరికి శేషగిరి అడ్డుపడ్డాడు.

"ఉప్మా గడ్డకడుతుందండీ అన్నయ్యగారూ."

"నన్ను పూర్తి చెయ్యనివ్వు శేషగిరీ."

"నాకేం కోపం లేదండీ. అసలు ఆ మాట నేనన్నట్టే గుర్తు లేదు. వంకాయ కూర గుర్తుంది. వదినగారు అల్లం పచ్చిమిర్చి పెట్టి చేశారు."

నిజం చెప్పాలంటే నాకు కాస్త నిరుత్సాహం కలిగింది. ఇంత దూరం మోసుకొచ్చిన నేరానికి బాధితుడే లేడు. అప్పుడు భాను చెంచా కింద పెట్టింది.

"ఆయనకి గుర్తు లేకపోవచ్చు బావగారూ. నాకుంది."

ఇంటికి వచ్చాక నాతో ఆమె అన్న మొదటి పూర్తి వాక్యం అది.

"మేం వచ్చి అప్పటికి నాలుగు నెలలు. ఇక్కడ పద్నాలుగు తెలుగు ఫ్యామిలీలు, ఎవరూ సరిగ్గా తెలియదు. ఉగాదికి స్కూల్ హాల్లో కలిశాం. మీ పుస్తకం పట్టుకెళ్లాను. స్టేజీ ఎక్కి, మా ఆయన చెప్పిన మాట మీద ఒక పుస్తకం నిలబడింది, వినండి అన్నాను. పీఠిక తెరిచాను. ముందుగా చదవలేదు బావగారూ. మీరు రాసే ఉంటారు కదా అని."

కామేశ్వరి నా వైపు చూడలేదు.

"మూడో వాక్యానికి అర్థమైంది, అది ఆయన గురించి కాదని. మధ్యలో ఎలా ఆపను? పదకొండు వాక్యాలూ చదివాను. అరటితొక్కతో సహా. వెనక నుంచి ఎవరో, అయితే శేషగిరి గారూ, బెండకాయలు కిలో ఎంత అన్నారు. హాలంతా నవ్వారు. ఆ నెల ఆక్లండ్ నుంచి కూరగాయల లోడు వస్తే ఎవరు తూచాలి అన్నారు. అందరూ ఈయన పేరే చెప్పారు. అప్పటి నుంచి నెల నెలా మూడో ఆదివారం ఈయనే తూస్తారు. కూరగాయల శేషగిరి అంటారు, ఫోన్‌లో కూడా. ఈయన ఏమీ అనుకోరు. అనుకోవడానికి నేనున్నానుగా."

శేషగిరి ఉప్మాలో జీడిపప్పు వెతుకుతున్నాడు.

నేను నాలుగు పేజీలూ మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను. వాటిలో ఈ సంగతి ఎక్కడా లేదు. నేను నా పాపాన్ని వలయాల వారీగా కొలుచుకుంటూ దేశమంతా దిగి వచ్చాను. నా శిక్షను మాత్రం మూడేళ్లుగా మరొకరు నెల నెలా తూచి పెడుతున్నారు.

"ఏం చెయ్యమంటావమ్మా?" అన్నాను.

"రేపు మూడో ఆదివారం. కూరగాయలు మీరు తూచండి. ప్రతి సంచీకీ ముందు చెప్పండి, ఆ మాట ఎవరిదో."

"తగిన..." అని కామేశ్వరి మొదలుపెట్టి, నీళ్ల గ్లాసు అందుకుని తాగేసింది.

బడి హాలు

జూలై 16, ఆదివారం, ఉదయం పదకొండు గంటలు. హాల్లో ఎనిమిది డిగ్రీలు. నేల మీద నీలం పట్టా, దాని మీద వంకాయలు, బెండకాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు. నడుమ ముల్లు తక్కెడ, దాని వెనక నేను, టోపీతో. తూచడానికి ఎడమచేతి తొడుగు విప్పాను. అది ఏ సంచీలో వెళ్లిందో నాకు తెలియదు.

మొదట వచ్చిన ఆయనకు నేను రాత్రి తయారుచేసుకున్న నలభై ఒక్క మాటల వాక్యం చెప్పడం మొదలుపెట్టాను. "మదీయానువాద పీఠికలో ప్రస్తావితమైన..."

"బావగారూ," అంది భాను పక్క నుంచి. "కాయలు కుళ్లిపోతాయి. ముక్కలో చెప్పండి."

వరసలో నిలబడ్డ పద్నాలుగు ఇళ్లవాళ్లను చూస్తూ వాక్యాన్ని కోశాను. ఇరవై మాటలు. తొమ్మిది. చివరికి, "ఆ మాట శేషగిరిది. బండివాడు అబద్ధం." ఇంత మంచి దిద్దుబాటు నేను నా పుస్తకంలో ఎక్కడా చెయ్యలేదు.

నాలుగో సంచీ దగ్గర ఒక నడివయస్కుడు చెవులు ఎర్రబడి నిలబడ్డాడు. "బెండకాయలు కిలో ఎంత అన్నది నేనేనండీ. జోకుగా అన్నాను."

"మీరు కూడా ఒకసారి చెప్పండి రాజు గారూ," అంది భాను. ఆయన చెప్పాడు.

వరస కదలడం లేదని గొణుగుడు మొదలైంది. నేను గ్రాము తేడా లేకుండా తూస్తున్నాను. ముల్లు నడుమ నిలిచేదాకా ఒక మిరపకాయ తీసి, ఒకటి వేసి. ఆరో సంచీ ఎనభై ఏళ్ల వెంకాయమ్మ గారిది, మనవడి దగ్గరుంటారు.

"ఆ మాట శేషగిరిది. బండివాడు అబద్ధం," అన్నాను.

"ఏ మాట బాబూ?"

"శాస్తి."

"అదొకరి సొంతమేంటి? మా అత్త పొద్దున లేస్తే నన్ను అదే అనేది. సరే గానీ, కొసరేదీ?"

నేను తక్కెడ చూపించాను. సరిగ్గా కిలో.

"కిలో కనపడతానే ఉంది. కొసరు వెయ్యవా? పైన రెండు కాయలు?" ఆవిడ నన్ను పరకాయించి చూశారు. "నువ్వెప్పుడూ కూరగాయల బండి దగ్గర నిలబడ్డట్టు లేదే బాబూ."

పదకొండు వాక్యాల్లో బండివాడి తలపాగా రాశాను, చెవి పోగులు రాశాను, గొంతు రాశాను. తూచాక కొసరు వేస్తాడని రాయలేదు. మా ఇంట్లో కూరలు తెచ్చేది కామేశ్వరి. సమీక్షకులకూ తెలియలేదంటే వాళ్ల ఇళ్లలోనూ అంతే కాబోలు.

శేషగిరి వచ్చి నా పక్కన పట్టా మీద కూర్చున్నాడు. రెండు వంకాయలు తీసి వెంకాయమ్మ గారి సంచీలో పడేశాడు.

"ఇది లెక్క కాదండీ అన్నయ్యగారూ," అన్నాడు మెల్లగా. "మర్యాద. దీని కోసమే వస్తారు వీళ్లంతా. లేకపోతే సూపర్‌మార్కెట్ లేదా?"

మిగతా ఎనిమిది సంచీలూ ఇద్దరం కలిసి పంచాం. నేను తూచాను, చెప్పాను. అతను కొసరు వేశాడు. హాలు వెనక వంటగదిలో టీ కప్పులు కడుగుతున్న అక్కాచెల్లెళ్ల గొంతులు పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా ఆగలేదు. కప్పులు ఇరవై మాత్రమే. ఒకసారి ఇద్దరూ గట్టిగా నవ్వారు. నా గురించేనని అర్థమై, పచ్చిమిర్చి వైపు వంగి కూర్చున్నాను.

సోమవారం కొత్త పీఠిక రాశాను. పదకొండు వాక్యాల చోట రెండు. భాను పెన్సిలుతో చదివి, రెండో దాంట్లో "మా ప్రియమైన" అన్నది కొట్టేసి ఇచ్చింది. ఫోన్‌లో చదివితే రవి టైపు చేసి ప్రచురణకర్తకు మెయిలు పంపాడు. జూలై 22న మేం బయల్దేరాం.

పోయినవి: గొడుగు ఒకటి. ఎడమచేతి తొడుగు ఒకటి. కరివేపాకు నూట యాభై గ్రాములు. పీఠికలో పదకొండు వాక్యాలు. జనం భాష తెలిసిన చెవి.

మిగిలినవి: ఊలు లోదుస్తులు రెండు జతలు; తెనాలిలో వాటికి పని లేదు. పుస్తకం. తోడల్లుడు. కామేశ్వరికి చెల్లెలు, ప్రతి ఆదివారం ఉదయం ఫోన్ వస్తోంది.

ఆ ఫోన్ నేను ఎత్తితే భాను నాతో కూడా మాట్లాడుతుంది, తూచి తూచి. కొసరు ఇంకా వెయ్యడం లేదు.